వెన్న ఒక కంట, సున్నము ఒక కంట: గెలుపు మందుల కథ

పలనాటి కారెంపూడిలో కార్తికమాసమున అయిదు దినములు వీరుల ఉత్సవములు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. నాలుగవనాటి కోడిపోరు చూచుటకు మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతములనుండి జనము వచ్చును. పన్నెండవ శతాబ్దిలో బ్రహ్మనాయునికిని నాయకురాలు నాగమ్మకును జరిగినదని చెప్పు పందెమునకు అది ప్రతిరూపము. ఓడిన పక్షము ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని పందెము. మాచర్ల పక్షము ఓడినది. ఆ గెలుపు న్యాయమైనది కాదనియు, నాగమ్మ పక్షమువారు ఏదియో మాయ చేసిరనియు వీరగాథలు చెప్పువారు నేటికిని చెప్పుచుందురు. ఆ మాయ ఏమో తేల్చుట మన పని కాదు. ఎనిమిదివందల యేండ్లు గడచినను ఆ పోరు సరిగా జరిగినదా లేదా అన్న తగవు మాత్రము చల్లారలేదు. పందెమనగానే జనమునకు ఆ పట్టింపు అంత గట్టిది.

పందెమునకు ముందు జంతువును మేపుట అందరును ఎరిగినదే. పలనాటిలో ఎడ్లచేత బండలు లాగించు పోటీలు సంక్రాంతికిని తిరునాళ్ళకును పరిపాటి. కొన్ని నెలల ముందునుండియే రైతు తన ఒంగోలుజాతి ఎడ్లకు ఉలవలు ఉడికించి పెట్టును, పత్తిగింజలు పెట్టును, చెరువులో ఈత కొట్టించును, దినదినము బరువు లాగించి అలవాటు చేయును. దీనిని ఎవ్వరును మోసమనరు. అదే రైతు పోటీకి గంట ముందు ఎద్దుకు ఉత్తేజకమైన సూదిమందు వేయించెనని తెలిసినచో పక్క ఊరివారు ఊరకుండరు. ఉలవలలోని మాంసకృత్తులును, సూదిలోని మందును చివరకు రక్తములో కలిసి కండరమునకు చేరునవే గదా! ఒకటి ఒప్పును, రెండవది తప్పును ఎట్లయినవి?

ఈ ప్రశ్నకు మిరపచేనిలో కొంత సమాధానము దొరకును. పూత రాలిపోకుండుటకై మన రైతులు నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లమును నీటిలో కలిపి చల్లుదురు. మొక్కలలో స్వభావసిద్ధముగా ఊరు ఆక్సిను అను హార్మోనును పోలిన కృత్రిమ ద్రవ్యమిది. లీటరు నీటికి పది మిల్లీగ్రాములున్నను పని చేయును. ఇది మొక్కకు ఇచ్చు గెలుపు మందే. అయినను పక్క చేనివాడు దీనిని మోసమనడు, తానును చల్లును. ఒకని చేనిలో నాలుగు బస్తాలు ఎక్కువ పండినంతమాత్రమున పక్కవాని చేనిలో నాలుగు బస్తాలు తగ్గవు. (ధర మాట వేరు. గుంటూరు మిరప యార్డుకు పోయి వచ్చినవారికి ఆ సంగతి చెప్పనక్కరలేదు.) పరుగుపందెములో అట్లు కాదు. అక్కడ మొదటి స్థానము ఒక్కటే. ఒకడు మందు వలన ముందుకు వచ్చినచో మరియొకడు తప్పక వెనుకకు పోవును. అందరును మందు తీసికొన్నచో ఎవని స్థానమును మారదు; అందరి గుండెలును, కాలేయములును మాత్రము చెడును. ఆటలలో మందులను నిషేధించుటకు ఇంతకంటె బలమైన కారణము లేదు.

ఇక మందుల స్వభావము చూతము. వీటిలో ముఖ్యమైనవి నాలుగు తెగలు.

మొదటిది అలసటను మరపించు తెగ. ఆంఫిటమిను దీనిలో పేరుపడినది. ఇది నాడీకణముల కొనలనుండి నారెడ్రినలిను, డోపమిను అను ద్రవ్యములను అధికముగా వెలికి తీయును. గుండె వేగము హెచ్చును, రక్తపు పోటు హెచ్చును, నిద్ర పారిపోవును. ఒక విషయము జ్ఞాపకముంచుకొనవలెను: ఈ మందు శరీరమునకు క్రొత్త శక్తిని ఏమియు ఇవ్వదు. అలసట అను కావలివానిని పక్కకు నెట్టి, దాచియుంచిన నిల్వను వాడుకొననిచ్చును, అంతే.

ఆ కావలివాడు ఎందుకున్నాడో రెంటచింతలవారికి సులభముగా తెలియును. వేసవిలో ఆంధ్రదేశమునందెల్ల హెచ్చు వేడిమికి పేరుపడిన ఊళ్ళలో పలనాటి రెంటచింతల ఒకటి; అక్కడ ఉష్ణోగ్రత 45 సెంటిగ్రేడు డిగ్రీల దరిదాపులకు పోవుట అరుదు కాదు. మన కండరములు ఆహారపు శక్తిలో సుమారు నాలుగవ వంతును, లేదా అంతకు తక్కువను మాత్రమే పనిగా మార్చగలవు, మిగిలినదంతయు వేడియే. గట్టిగా పరుగెత్తువాని దేహములో గంటకు 700 కిలోకెలరీల వేడి పుట్టినదనుకొందము. డెబ్బది కిలోల దేహమును ఒక్క డిగ్రీ వేడి చేయుటకు 58 కిలోకెలరీలు చాలును. అనగా ఆ వేడి బయటికి పోవు దారి లేనిచో గంటలో దేహపు ఉష్ణోగ్రత 12 డిగ్రీలు పెరుగవలెను. మనిషి 42 డిగ్రీలు దాటి ఎక్కువసేపు బ్రదుకుట కష్టము. ఆ వేడిని చెమట మోసికొని పోవును. లీటరు చెమట ఆరినచో సుమారు 580 కిలోకెలరీలు దేహమును విడిచిపోవును. అంతేకాక చర్మములోని రక్తనాళములు విప్పారి లోపలి వేడిని పైకి తెచ్చును. ఇవి చాలనప్పుడు మెదడు అలసట రూపమున ‘ఇక ఆగు’ అని ఆజ్ఞ యిచ్చును. ఆంఫిటమిను చర్మపు రక్తనాళములను ముడుచుకొనజేయును. మెదడు ఆజ్ఞను వినబడనీయదు. రెండు తలుపులును మూసి పొయ్యి రాజేసినట్లగును.

1967 జూలై 13వ తేదీన ఫ్రాన్సు దేశపు సైకిలు పందెములో బ్రిటిషు వీరుడు టామ్ సింప్సన్ వెంటూ పర్వతమెక్కుచు ఎండలో కూలి మరణించెను. వయస్సు 29 ఏండ్లు. ఆయన దేహములో ఆంఫిటమినును సారాయమును కనబడినవి. మరుసటి సంవత్సరము, 1968లో, ఒలింపిక్ క్రీడలలో మందుల పరీక్షలు మొదలయినవి. ఆ పరీక్షలలో మొట్టమొదట పట్టుబడినవాడు ఆంఫిటమినుతో పట్టుబడలేదు! లిలియెన్‌వాల్ అను స్వీడను దేశస్థుడు మెక్సికోలో తుపాకి కాల్చుటకు ముందు చేయి వణకకుండుటకై బీరు త్రాగెను. ఆ బీరు వలన అతని జట్టు కాంస్య పతకమును పోగొట్టుకొన్నది.

రెండవ తెగ పురుష హార్మోను, దానిని పోలిన కృత్రిమ స్టెరాయిడులు. టెస్టోస్టిరోనును 1935లో ప్రయోగశాలలో తయారుచేసిరి. ఇది కండరకణములలో మాంసకృత్తుల నిర్మాణమును హెచ్చించును. ‘మందులు వట్టివి, కృషియే ఫలించును’ అని క్రీడాగురువులు చాలకాలము చెప్పుచు వచ్చిరి. 1996లో అమెరికాలో శలేందర్ భసీన్ అను వైద్యశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఈ సంగతిని పరీక్షించిరి. పదివారములపాటు వారమునకు 600 మిల్లీగ్రాముల టెస్టోస్టిరోను తీసికొని వ్యాయామము చేసినవారికి కొవ్వు కాని దేహభారము సుమారు 6 కిలోలు పెరిగెను. వ్యాయామము మాత్రమే చేసినవారికి పెరిగినది సుమారు 2 కిలోలు. ఏ వ్యాయామమును చేయక సూదిమందు మాత్రమే పొందినవారికి 3 కిలోలకు మించి పెరిగెను! మందుతో కూర్చున్నవాడు మందు లేక శ్రమించినవానిని మించెనన్నమాట. ఈ అంకెలను దాచిపెట్టి యువకులకు నీతులు చెప్పుట వలన ప్రయోజనము లేదు. మందు పని చేయును. పని చేయును గనుకనే అది అపాయము. బయటినుండి హార్మోను వచ్చుచుండగా మెదడు వృషణములకు ఆజ్ఞ నిలిపివేయును. అవి కృశించును, వీర్యకణములు తగ్గిపోవును. గుండె కండరము మందమగును. మాత్రల రూపమున తీసికొనువాటిలో కొన్ని కాలేయమును పాడుచేయును.

మూడవది రక్తమును చిక్కబరచు తెగ. ఎర్రకణములు ఆమ్లజనిని మోయునని అందరికి తెలిసినదే. రక్తములో ఆమ్లజని తగ్గినప్పుడు మూత్రపిండములు ఎరిత్రోపాయిటిను అను హార్మోనును వదలును. ఎముకల మజ్జ ఎక్కువ ఎర్రకణములను తయారుచేయును. ఈ హార్మోనును కృత్రిమముగా చేసి మూత్రపిండ రోగులకిచ్చుట గొప్ప మేలయినది. సైకిలు వీరులు దానినే తస్కరించిరి. చిక్కనైన రక్తము గడ్డకట్టు ప్రమాదము హెచ్చు. ఇక్కడ నిషేధపు గీత ఎంత వంకరగా పోవునో చూడవలెను. ఎత్తైన పర్వతములపై నిదురించినను ఎర్రకణములు పెరుగును, అది ఒప్పు. సమతలముననే ఇంటిలో ఆమ్లజని తగ్గించిన గుడారము వేసికొని నిదురించినను పెరుగును. 2006లో ప్రపంచ డోపింగు నిరోధక సంస్థ దీనిని చర్చించి నిషేధించక విడిచినది. సూదితో పెంచినచో మాత్రము సంవత్సరముల బహిష్కారము. ఇంకొక చిత్రము: 1964 ఇన్స్‌బ్రుక్ క్రీడలలో రెండు స్వర్ణపతకములు గెలిచిన ఫిన్లండు మంచుపరుగు వీరుడు ఈరో మాంటిరాంటాకు పుట్టుకతోనే ఒక జన్యువులో మార్పు కలదు. ఆ హార్మోను కొంచెమున్నను ఆయన మజ్జ విపరీతముగా పని చేసెడిది. సూది లేకయే ఆయన రక్తము చిక్కన. తల్లిదండ్రులనుండి వచ్చిన మందునకు నిషేధము లేదు గదా!

నాలుగవ తెగ నెమ్మదింపజేయు మందులు. ప్రొప్రనొలాలు గుండెపై ఎడ్రినలిను పట్టును తగ్గించును. గుండె దడ, చేతి వణకు తగ్గును. 2008 బీజింగులో ఉత్తర కొరియా గురికాడు కిమ్ జోంగ్ సు ఈ మందు వలన రెండు పతకములను పోగొట్టుకొనెను. కాని 1987లో అమెరికా వాద్యబృందముల సంగీతజ్ఞులను ప్రశ్నించినప్పుడు, నాలుగవ వంతుకు పైగా తాము ఇట్టి మందులను వాడినట్లు చెప్పిరి. వయొలిను కమాను వణకకుండుటకును, తుపాకి వణకకుండుటకును మాత్ర ఒకటే. ఒకచోట పతకము పోవును, రెండవచోట చప్పట్లు మ్రోగును.

అమెరికాలో ఈ వెన్న సున్నముల లెక్క మరియు స్పష్టముగా కనబడును. 1998లో మార్క్ మెక్‌గ్వైర్ అను బేస్‌బాలు వీరుడు ఒకే ఋతువులో 70 హోమ్ రన్నులు కొట్టి దేశమును ఉర్రూతలూగించెను. ఆయన పెట్టెలో ఆండ్రోస్టెన్‌డయోను సీసాను ఒక విలేఖరి చూచెను. శరీరములో టెస్టోస్టిరోనుగా మారు ద్రవ్యమది. ఒలింపిక్ క్రీడలలో అప్పటికే నిషిద్ధము. 1994 నాటి చట్టము పుణ్యమా అని అంగడిలో ఆహారపు వస్తువువలె అమ్ముడుపోవుచుండెను. బేస్‌బాలులో దానిపై నిషేధము 2004లో గాని రాలేదు. తాను స్టెరాయిడులు వాడితినని మెక్‌గ్వైర్ 2010లో ఒప్పుకొనెను. టికెట్లు అమ్ముడగుచున్నంతకాలము ఎవరికిని కనబడని సీసా, ఆట పేరు చెడగానే అందరికిని కనబడినది.

అదే దేశములో వాయుసేన దూరప్రయాణములు చేయు విమానచోదకులకు మేలుకొనియుండుటకై ఆంఫిటమిను మాత్రలు తానే ఇచ్చుచుండెను. 2002 ఏప్రిలులో కాందహారు వద్ద ఒక అమెరికా విమానము పొరబాటున బాంబు వేయగా నలుగురు కెనడా సైనికులు మరణించిరి. చోదకుల న్యాయవాదులు ఆ మాత్రలనే సాకుగా చూపిరి, వాయుసేన కాదన్నది. పరుగు పందెములో దోషమైన మాత్ర యుద్ధవిమానములో విధి అయినది. 2021లో షకారి రిచర్డ్‌సన్ అను పరుగురాలి మూత్రములో గంజాయి అంశము కనబడినందున ఆమె టోక్యో ఒలింపిక్సుకు పోలేకపోయెను. పరీక్ష జరిగిన ఓరిగాన్ రాష్ట్రములో పెద్దవారు గంజాయి వాడుట చట్టసమ్మతమే. పైగా గంజాయి పరుగు వేగమును పెంచునని నమ్ముటకు ఆధారము లేదు.

మన దేశము ఈ విషయములో తక్కువ తినలేదు. 2000 సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యము తెచ్చిన శ్రీకాకుళపు కరణం మల్లేశ్వరి వంటివారివలన బరువులెత్తుటకు మనకు పేరు వచ్చినది. పట్టుబడినవారి వలన అదే ఆటకు మచ్చయు వచ్చినది. 2005లో జాతీయ డోపింగు నిరోధక సంస్థ ఏర్పడినది. బరువులెత్తువారి మూత్రమును, పరుగెత్తువారి మూత్రమును ఆ సంస్థ పరీక్షించుచుండగా, క్రికెటు మండలి మాత్రము పదునాలుగేండ్లు దాని అధికారమునకు లోబడలేదు. 2019లో పృథ్వీ షా దగ్గుమందులోని టెర్బ్యుటలిను వలన దొరికినప్పుడు ఎనిమిది నెలల శిక్ష విధించినది మండలియే. ఆ ఆగస్టులోనే అది దారికి వచ్చినది. 2022లో మన దేశములో పరీక్షించిన 3,865 నమూనాలలో 125 దోషపూరితములుగా తేలినవి, అనగా నూటికి మూడుకు పైగా. ఆ ఏటనే పార్లమెంటు డోపింగు నిరోధమునకు ప్రత్యేకముగా చట్టము చేసినది.

అయితే పరీక్షింపబడువారు కొద్దిమంది. పరీక్ష లేనిచోట ఏమి జరుగుచున్నది? ఇటీవలి సంవత్సరములలో హైదరాబాదులో ఔషధ నియంత్రణాధికారులును పోలీసులును మెఫెంటెర్మిను సూదిమందును వ్యాయామశాలల యువకులకు అమ్మువారిని పలుమారులు పట్టుకొనిరి. వెన్నులో మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేయునప్పుడు రోగి రక్తపు పోటు పడిపోయినచో దానిని నిలుపుటకు వైద్యులు వాడు మందిది. ఇదియు నారెడ్రినలినును వెలికి తీయు తెగలోనిదే. పోటు పడిపోయినవానికి అది ప్రాణదానము. పోటు సరిగా ఉండి బరువులెత్తుచున్న ఇరువదేండ్లవానికి గుండె లయ తప్పుటకును, మెదడులో నాళము చిట్లుటకును దారి. మరగినవారికి మతి చలించుటయు కలదు. క్రీడాకారుడయినచో పరీక్షకుడు వచ్చి రెండు సీసాలలో నమూనా పట్టును. రోగియయినచో వైద్యుడు పక్కన ఉండును. ఈ యువకుడు ఇద్దరి లెక్కలోను లేడు. వాని వంటిమీద కండలు చూచి మెచ్చుకొనువారు మాత్రము చాలమంది.

ఇంకొక పందెమున్నది, దానిని మనము పందెమని పిలువము. ప్రవేశపరీక్ష. ర్యాంకు అనునది మొదటి స్థానమువంటిదే. ఒకడు పైకి పోయినచో మరియొకడు దిగవలసినదే. విద్యార్థి రాత్రి మేలుకొనుటకు ఏమి త్రాగినను, ఏ మాత్ర మ్రింగినను ఏ పరీక్షాధికారియు అడుగడు. తల్లి తానే ప్లాస్కులో కాఫీ పోసి యిచ్చును. కెఫీనును కూడ ఒకప్పుడు ఒలింపిక్ వారు నియమించిరి: మిల్లీలీటరు మూత్రములో 12 మైక్రోగ్రాములు దాటరాదు. 2004నుండి ఆ నిషేధమును తీసివేసిరి. కాఫీ త్రాగువారినందరిని శిక్షించుట ఎవరి తరము?

కెఫీను పని చేయు తీరు సరళమైనది. మెలకువగా ఉన్నంతసేపు మెదడులో ఎడినొసిను అను ద్రవ్యము కూడుచుండును. అది తన గ్రాహకములపై వాలినప్పుడు నిద్ర వచ్చును. కెఫీను ఆ గ్రాహకములను ఆక్రమించి కూర్చుండును. ఎడినొసిను మాయము కాదు; బయట వేచియుండును. ఇక బలమైన మాత్రల సంగతి చూడుడు. 2023లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు నలుబదిమంది ఆరోగ్యవంతులకు వేరువేరు దినములలో మిథైల్‌ఫెనిడేటు, మొడాఫినిలు, డెక్స్‌ట్రో ఆంఫిటమిను, వట్టి మాత్ర ఇచ్చి ఒక లెక్క చేయించిరి. మూటలో పట్టు బరువు ఇంతయని నిర్ణయించి, ఏయే వస్తువులు పెట్టినచో విలువ హెచ్చగునో తేల్చు లెక్క అది. మందు తీసికొన్ననాడు వారు ఎక్కువసేపు పాటుపడిరి, ఎక్కువ మార్పులు చేసిరి. ఎంపికల నాణ్యము మాత్రము తగ్గినది. మందు లేనినాడు సగటుకంటె బాగుగా చేసినవారిలో పలువురు మందుతో సగటుకంటె క్రిందికి దిగిరి. తాము బాగుగా చేయుచున్నామన్న ఉత్సాహము ఒకటి, చేసిన పని మరియొకటి.

పగలు చదివినదానిని మెదడు స్థిరపరచుకొనుట చాలవరకు గాఢనిద్రలోనే జరుగును. త్రాగిన కెఫీనులో సగము దేహమునుండి పోవుటకు సుమారు అయిదు గంటలు పట్టును. రాత్రి పదకొండుకు నరసరావుపేటలో ఒక హాస్టలు గదిలో త్రాగిన కాఫీలోని కెఫీను, నాలుగింటికి విద్యార్థి పుస్తకము మూసి పడుకొన్నప్పుడు, సగమింకను వాని మెదడులో ఎడినొసిను స్థానమున కూర్చుండియే యుండును. ఆరింటికి లేపు గంట కొట్టుదురు.